మౌంట్ టీల్సన్ ఎక్కాలనుకునే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో క్రేటర్ లేక్ చూసి ఉత్తర ద్వారం నుంచి బయటికొచ్చే తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. ఆ దారిలో నిటారుగా, మొనతేలి నిలబడ్డ ఒక కొండ కనిపిస్తుంది. అదే మౌంట్ టీల్సన్. కారు పక్కన ఆపి ఫొటో తీసుకుంటారు. ఇంటికొచ్చాక "దాన్ని ఎక్కొచ్చా అండీ?" అని అడుగుతారు. ఎక్కొచ్చు. కాకపోతే ముందే తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాసిపెడుతున్నాను.

ఇది ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

ఒరెగాన్ దక్షిణ భాగంలో, కాస్కేడ్ పర్వతాల వరుసలో, క్రేటర్ లేక్ జాతీయ పార్కుకు ఉత్తరాన ఉంది. ఎత్తు 9,182 అడుగులు, అంటే దాదాపు 2,800 మీటర్లు. పడమటి వైపు కింద డైమండ్ లేక్, ఆ సరస్సుకు అవతలి గట్టున మౌంట్ బెయిలీ. నడకదారి మొదలయ్యే చోటు 138వ నంబరు హైవే పక్కనే ఉంది. మట్టిరోడ్ల మీద పోవాల్సిన పని లేదు, మామూలు కారు చాలు.

పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో, బీవర్టన్ల నుంచి నాలుగున్నర గంటల డ్రైవింగ్. సియాటెల్ నుంచి ఏడు గంటల పైమాటే. రోజ్‌బర్గ్ మీదుగా వస్తే 138వ హైవే నార్త్ అంప్క్వా నది వెంబడే సాగుతుంది. కాస్త ఎక్కువ సమయం పట్టినా ఆ దారే బాగుంటుందని నా అభిప్రాయం. పెట్రోలు మాత్రం హైవే ఎక్కకముందే నింపుకోండి.

ఒకే రోజులో వెళ్లి, ఎక్కి, తిరిగొచ్చేద్దామని చాలామంది ప్లాన్ వేస్తారు. దయచేసి అలా చేయకండి. ముందురోజు సాయంత్రానికే డైమండ్ లేక్ చేరి, అక్కడి క్యాంప్‌గ్రౌండ్‌లోనో రిసార్ట్‌లోనో పడుకోండి. ఎందుకో పిడుగుల ప్రశ్న దగ్గర చెబుతాను.

ఇది అగ్నిపర్వతమే అంటారు. మరి పైన బిలం ఏదీ?

ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు మనం చూస్తున్నది ఆ అగ్నిపర్వతంలో మిగిలిన లోపలి భాగం.

లక్షల ఏళ్ల కిందట ఇక్కడ లావా పొరలు పొరలుగా పారి, వెడల్పుగా, వాలు తక్కువగా ఉండే పెద్ద కొండ ఏర్పడింది. దాని నడిమధ్య బూడిద, రాళ్లముక్కలు పేరుకుని ఒక శంకువు లేచింది. ఆ శంకువు గొంతులో లావా గడ్డకట్టి గట్టి రాయిగా మారింది. సుమారు రెండున్నర, మూడు లక్షల ఏళ్ల కిందట విస్ఫోటనాలు ఆగిపోయాయి. తర్వాత వచ్చిన మంచుయుగాల్లో హిమనదాలు నాలుగు వైపుల నుంచీ కొండను దొలిచేశాయి. బూడిదతో ఏర్పడిన మెత్తటి రాయి ముందు కొట్టుకుపోయింది. గొంతులో బిగుసుకున్న గట్టి రాయి నిలబడిపోయింది. ఆ మొన అదే.

ఇది పుస్తకంలో చదివి ఊహించుకోవాల్సిన సంగతి కాదు, దారిలోనే కళ్లకు కనిపిస్తుంది. చెట్లు అయిపోయి పడమటి గోడ ఎదురుగా వచ్చేసరికి పసుపు, గోధుమ, ఇటుక రంగుల పొరలు శిఖరం నుంచి బయటికి ఏటవాలుగా వంగి ఉంటాయి. వాటికి అడ్డంగా నల్లటి గట్టి రాతి పట్టీలు దూసుకుపోతుంటాయి. పగుళ్లలోకి లావా చొరబడి గడ్డకట్టిన చోట్లు అవి. బతికి ఉన్న అగ్నిపర్వతం కడుపులో ఏముంటుందో చూడటానికి మనకు వీలుండదు. ఇక్కడ మంచు ఆ కడుపును కోసి చూపిస్తోంది. శిఖరం దాకా వెళ్లకపోయినా ఈ ఒక్క దృశ్యం కోసం నాలుగు మైళ్లు నడవొచ్చు.

ఉత్తరం వైపు నీడలో లాథ్రాప్ అనే చిన్న హిమనదం ఉండేది. దాన్ని 1966లో గుర్తించారు. కరుగుతూ కరుగుతూ వచ్చి, ఇప్పుడు దాన్ని హిమనదంగా లెక్కించడం లేదు. నాకు ఈ కొండ విషయంలో బాధ కలిగించే సంగతి అదే.

మళ్లీ పేలే ప్రమాదం ఉందా?

లేదు. టీల్సన్ పూర్తిగా చల్లారిన అగ్నిపర్వతం. పక్కనున్న క్రేటర్ లేక్ సంగతి వేరు. అక్కడున్న మౌంట్ మజామా సుమారు 7,700 ఏళ్ల కిందట పేలి, లోపలికి కూలిపోయి ఆ సరస్సు ఏర్పడింది. అప్పుడు ఎగిరిపడ్డ నురుగురాయి, బూడిద టీల్సన్ వాలుల మీద ఇప్పటికీ ఉన్నాయి. దారిలో మీ బూట్లకు అంటే తెల్లటి దుమ్ము అదే. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండని రాళ్లు దొరుకుతాయి. చూసి అక్కడే పెట్టేయండి.

దీని మీద పిడుగులు ఎక్కువ పడతాయట, నిజమేనా?

నిజమే. కాస్కేడ్ పర్వతాల పిడుగు కడ్డీ అని దీనికి పేరు. చుట్టుపక్కల ఇంత ఎత్తూ ఇంత మొనా ఉన్నది ఇదొక్కటే కాబట్టి మబ్బుల్లోని విద్యుత్తుకు ఇదే దగ్గర దారి.

ఆ దెబ్బల గుర్తులు శిఖరం మీద రాతిలోనే ఉన్నాయి. పిడుగు పడినచోట రాయి ఒక్క క్షణంలో కరిగి గాజుగా మారుతుంది. ఆ గాజును ఫల్గురైట్ అంటారు. 1884లో అమెరికా భూగర్భ సర్వేకు చెందిన జె.ఎస్. డిల్లర్ ఈ శిఖరం మీది ఫల్గురైట్ గురించి రాశారు. చివరి కొన్ని అడుగుల్లో మాత్రమే కనిపిస్తుంది. మామూలు బూడిదరంగు రాయి మీద ముదురు ఆకుపచ్చ, నలుపు కలిసిన నిగనిగలాడే మరకలు, చిన్న చిన్న బుడగలతో, రాతి అంచుల వెంట పూత పూసినట్టు ఉంటాయి. వేలితో తడిమితే నునుపు తెలుస్తుంది. దాన్ని గీకి తెచ్చుకోవాలనిపిస్తుంది. తెచ్చుకోకండి. ఉన్నదే కొద్ది చోట.

ఇప్పుడు అసలు విషయం. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ మబ్బులు కట్టి ఉరుములు రావడం మామూలే. ఉదయం ఆకాశం నిర్మలంగా ఉందని ధీమా పడటానికి లేదు. అందుకే నాదొకటే పట్టుదల: తెల్లవారుజామున 5, 6 గంటలకల్లా నడక మొదలవ్వాలి, ఎక్కడున్నా సరే మధ్యాహ్నం 12 లోపు వెనక్కి తిరగాలి. వాతావరణ సూచనలో ఉరుముల మాట ఉంటే ఆ రోజు శిఖరం వద్దు. పైనుండగా ఉరుము వినిపించినా, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, రాళ్ల దగ్గర సన్నటి గుయ్‌మనే శబ్దం వచ్చినా వెంటనే కిందికి దిగండి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట గడిచేదాకా మళ్లీ పైకి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

ఏ నెలలు మంచివి?

జులై రెండో సగం నుంచి సెప్టెంబరు చివరి దాకా. జూన్‌లో, కొన్నేళ్లు జులై మొదట్లో కూడా, అడవిలోని దారి మీద మంచు ఉంటుంది. దారి కనిపించక తప్పిపోయేది అప్పుడే. పైన గట్టిపడ్డ మంచు ఉంటే మంచు గొడ్డలి (ఐస్ యాక్స్), క్రాంపాన్లు (బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లు) లేకుండా వెళ్లకూడదు.

నన్నడిగితే సెప్టెంబరు. దోమలు పోతాయి, ఉరుములు తగ్గుతాయి, ఎండ చురుకు తగ్గుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చుల పొగ ఒక్కటే చికాకు. బయల్దేరే ముందు మంటల సమాచారం, గాలి నాణ్యత తప్పకుండా చూసుకోండి. 2020 సెప్టెంబరులో ఈ కొండ పేరుతోనే ఒక కార్చిచ్చు డైమండ్ లేక్ దగ్గర అడవిని కాల్చింది.

పర్మిట్ కావాలా? ఫీజు ఎంత?

ఒరెగాన్‌లో మౌంట్ జెఫర్సన్, మౌంట్ వాషింగ్టన్, త్రీ సిస్టర్స్ వనప్రాంతాలకు 2021 నుంచి ముందుగా రిజర్వు చేసుకునే పర్మిట్ల పద్ధతి ఉంది. టీల్సన్ అందులో లేదు. పార్కింగుకు మాత్రం నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ ఉండాలి, రోజుకు 5 డాలర్లు, ఏడాదికి 30. జాతీయ పార్కుల వార్షిక పాస్ ఉంటే అదీ చెల్లుతుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో అంప్క్వా నేషనల్ ఫారెస్ట్ వారి పేజీ ఒకసారి చూడండి.

దారి ఎలా ఉంటుంది? ఎంతసేపు పడుతుంది?

వెళ్లేది 5 మైళ్లు, వచ్చేది 5 మైళ్లు. ఎక్కాల్సిన ఎత్తు సుమారు 3,800 అడుగులు. అలవాటున్నవాళ్లకు ఆరేడు గంటలు, మిగతావాళ్లకు తొమ్మిది గంటల దాకా. ఈ లెక్క చూసి "పది మైళ్లే కదా" అనుకుంటారు. ఆ ఎత్తులో సగం మొదటి నాలుగు మైళ్లలో వస్తుంది, మిగతా సగం ఆఖరి ఒక్క మైలులో వస్తుంది. ఈ కొండ గురించి గుర్తుపెట్టుకోవాల్సింది ఆ సంగతే.

మొదటి నాలుగు మైళ్లు అడవిలో నిదానంగా ఎక్కే మంచి దారి. కింద లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు, పైకి పోయేకొద్దీ ఫర్, హెమ్లాక్. మధ్యలో స్ప్రూస్ రిడ్జ్ దారి వచ్చి కలుస్తుంది, అటు తిరగకుండా మీ దారిన మీరు పైకే వెళ్లండి. నాలుగో మైలు చివర పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అడ్డంగా వస్తుంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా పోయే దారి అది. వేసవిలో పెద్ద పెద్ద బ్యాగులతో ఆ దారిన నడిచేవాళ్లు ఎదురుపడితే రెండు మాటలు మాట్లాడండి, వాళ్లకీ సంతోషమే. ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఆ ట్రెయిల్ మొత్తానికి ఎత్తైన చోటు, 7,560 అడుగులది, ఇక్కడికి ఉత్తరాన టిప్సూ శిఖరం దగ్గరే ఉంది.

ఆ కూడలి దాటాక అధికారికంగా నిర్వహించే దారి లేదు. ఎక్కేవాళ్ల అడుగులతో పడిన జాడ పడమటి గట్టు వెంట పైకి పోతుంది. మొదట గాలికి వంకర్లు పోయిన వైట్‌బార్క్ పైన్ చెట్లు, తర్వాత అవీ ఉండవు. అక్కణ్నుంచి కాలు పెడితే జారే రాళ్లు. రెండడుగులు పైకి వేస్తే ఒక అడుగు కిందికి జారుతుంది. వదులు రాళ్లను వదిలేసి, గట్టు మీద గట్టిగా నాటుకుని ఉన్న రాళ్లను పట్టుకుని ఎక్కడమే తేలిక. చేతులకు గ్లౌజులు వేసుకోండి. మీ పైన ఎవరైనా ఉంటే వాళ్ల కింద సరిగ్గా నిలబడకండి, రాయి దొర్లితే "రాక్!" అని గట్టిగా అరవండి. అక్కడ అందరికీ అర్థమయ్యే మాట అదే.

శిఖరపు రాతిదిమ్మ దగ్గరికొచ్చాక దారి కుడివైపు తిరిగి, ఆగ్నేయపు పక్కన ఒక అరుగు లాంటి చోటికి చేరుస్తుంది. దాన్ని చికెన్ లెడ్జ్ అంటారు. అవతలి అంచు నిలువునా తెగిపోయి ఉంటుంది. అక్కడ సెల్ఫీలు వద్దు. కూర్చుని, నీళ్లు తాగి, మీరు పైకి వెళ్తున్నారో లేదో తీరిగ్గా నిర్ణయించుకోండి.

చికెన్ లెడ్జ్ నుంచి శిఖరం దాకా ఉన్న చివరి 80 అడుగులకు తాడు కావాలా?

అనుభవం ఉన్నవాళ్లు చాలామంది తాడు లేకుండానే ఎక్కుతారు. పర్వతారోహకుల లెక్కలో అది నాలుగో తరగతి. చేతులూ కాళ్లూ రెండూ కావాలి, పట్టులు బాగానే దొరుకుతాయి, కానీ పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఎక్కేటప్పుడు పట్టు కళ్ల ముందే ఉంటుంది, దిగేటప్పుడు కాలికి పట్టు వెతుక్కోవాలి.

రాళ్లెక్కడం రానివాళ్లు తాడు, హార్నెస్ (తాడును తగిలించడానికి నడుముకు కట్టుకునే పట్టీ) వాడటం తెలిసిన మనిషితో వెళ్లాలి. ఊరికే తాడు కొని బ్యాగులో పెట్టుకుంటే ఉపయోగం లేదు, కట్టడం తెలియాలి. హెల్మెట్ మాత్రం చికెన్ లెడ్జ్ దాకా వెళ్లే ప్రతివారికీ ఉండాలని నేను గట్టిగా చెబుతాను. రాయి తడిసి ఉంటే, గాలి తోస్తుంటే, పైన అప్పటికే గుంపు ఉంటే ఆ రోజుకు అక్కడితో ఆపండి.

చికెన్ లెడ్జ్ దాకా వెళ్లినవాళ్లు కొండ ఎక్కినట్టే నా లెక్కలో. అక్కడి నుంచే డైమండ్ లేక్, మౌంట్ బెయిలీ, క్రేటర్ లేక్ చుట్టూ ఉన్న గట్టు కనిపిస్తాయి. ఆకాశం తేటగా ఉంటే ఉత్తరాన త్రీ సిస్టర్స్, దక్షిణాన కాలిఫోర్నియాలోని మౌంట్ శాస్తా. శిఖరం మీద మరికాస్త ఎక్కువ కనిపిస్తుంది, అంతే. తోడొచ్చినవాళ్లు పైకి వెళ్తున్నారని మొహమాటానికి వెళ్లొద్దు. వెళ్లేవాళ్లు కూడా ఆగిపోయినవాళ్లను "అయ్యో, ఇంత దూరమొచ్చి!" అనొద్దు. ఆ ఒక్క మాట మనిషిని భయంతో గోడ ఎక్కిస్తుంది.

నేను అలిపిరి నుంచి తిరుమల నడిచి ఎక్కాను. సరిపోతుందా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినవారికి ఊపిరి, మోకాళ్లు బాగానే ఉన్నట్టు. అది మంచి మొదలు. ఇక్కడ ఎత్తు అంతకన్నా బాగా ఎక్కువ, మెట్లు లేవు, పైకప్పు లేదు, దారిలో నీళ్ల కుళాయిలు, టీ కొట్లు లేవు. 9,000 అడుగుల దగ్గర గాలి కూడా కాస్త పలచన. తలనొప్పి, వికారం వస్తే దిగిపోవడమే మందు.

పోర్ట్‌లాండ్ పక్కనే కొలంబియా గార్జ్‌లో డాగ్ మౌంటెన్ లాంటి నిటారు దారులు రెండు మూడు పూర్తిచేసి, మర్నాడు మామూలుగా నడవగలిగితే పసిఫిక్ క్రెస్ట్ కూడలి దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు. రాళ్ల మీద జారుతూ నడవడం ఇష్టమో కాదో ఆ పైన మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. పిల్లలు చిన్నవాళ్లు. తీసుకెళ్లొచ్చా?

వాళ్లకు ఈ కొండను కింది నుంచి చూపించండి. డైమండ్ లేక్ చుట్టూ జాన్ డెలెన్‌బాక్ దారి ఉంది. తారు వేసిన దారి, పదకొండు మైళ్ల పైన. మొత్తం నడవక్కర్లేదు. పడమటి గట్టున ఎక్కడ కూర్చున్నా సరస్సుకు అవతల టీల్సన్ కనిపిస్తుంది. సాయంకాలపు ఎండ నేరుగా పడమటి గోడ మీద పడుతుంది, రాతిపొరల రంగులు తేలేది అప్పుడే. నాన్నగారికి కుర్చీ, ఫ్లాస్కులో టీ ఉంటే ఇంకేం కావాలి?

పదేళ్లు దాటి నడక అలవాటున్న పిల్లల్ని కూడలి దాకా తీసుకెళ్లొచ్చు. ఆ పైన జారుడు రాళ్ల మీదికి పిల్లల్ని తీసుకెళ్లొద్దని నా సలహా.

తిండి, నీళ్లు?

దారిలో నీళ్లు లేవు. టీల్సన్ క్రీక్ అనే వాగు ఉంది కానీ అది ఉత్తరం వైపు, మీ దారికి దూరం. మనిషికి కనీసం మూడు లీటర్లు మోసుకెళ్లండి, ఎండ ఎక్కువైతే ఇంకా. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంచుకోండి.

తిండికి పులిహోర కొండ మీద కూడా పులిహోరే, పాడవదు, ఉప్పు ఉంటుంది. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, చపాతీలో చుట్టిన ఆవకాయ కూడా పనికొస్తాయి. కరివేపాకు, మామిడి టెంక, నారింజ తొక్క "అడవే కదా, మట్టిలో కలిసిపోతుంది" అని పారేయొద్దు. ఈ పొడి బూడిద నేలలో అవి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. తెచ్చిందంతా తిరిగి బ్యాగులోకే.

దోమలు, ఎలుగుబంట్లు?

దోమల గురించి ఎంత హెచ్చరించినా తక్కువే. జూన్, జులైల్లో డైమండ్ లేక్ దగ్గర కారు తలుపు తీస్తే చాలు, కమ్ముకుంటాయి. పొడవు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. నల్ల ఎలుగుబంట్లు అడవిలో ఉన్నాయి, మనిషిని చూస్తే సాధారణంగా తప్పుకుంటాయి. క్యాంపులో తిండిని గుడారంలో పెట్టుకోకండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

కుదరదు. ఇది 1984లో చట్టప్రకారం వనప్రాంతంగా ప్రకటించిన చోటు. విస్తీర్ణం సుమారు 55,000 ఎకరాలు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ఇక్కడ యంత్రాలను ఒప్పుకోదు: డ్రోన్లు, సైకిళ్లు, మోటారు బళ్లు ఏవీ వద్దు. బ్లూటూత్ స్పీకర్ మీద నిషేధం లేకపోయినా అదీ వద్దనే నా మనవి.

ఈ కొండను మొదట ఎవరు ఎక్కారు? ఆ పేరు ఎవరిది?

నమోదైనంతవరకు 1883లో ఇ.ఇ. హేడెన్. పేరు హాన్స్ టీల్సన్ అనే రైల్వే ఇంజనీరుది, 1872 ప్రాంతంలో పెట్టారు. అంతకుముందు వలసవచ్చినవాళ్లు దీన్ని పెద్ద ఆవుకొమ్ము అనేవారు. నాకు ఆ పాత పేరే నచ్చుతుంది.

మన తెలుగు నేల మీద లావా కొండలు ఉన్నాయా?

ఇలాంటి మొన లేదు, లావా మాత్రం ఉంది. తెలంగాణ పడమటి అంచున, వికారాబాద్ వైపు, దక్కన్ లావా పొరలు ఉన్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటివి. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయీ ఆ కాలపు లావాయే. అక్కడ లావా నేల పగుళ్లలోంచి ఉబికి మైదానంలా పరుచుకుంది. ఇక్కడ ఒక గొంతు చుట్టూ పేరుకుంది, అందుకే ఈ ఆకారం.

పైన ఫోన్ పనిచేస్తుందా? దెబ్బ తగిలితే ఎలా?

సిగ్నల్ ఒకచోట వస్తుంది, ఇంకోచోట రాదు. నమ్ముకోవద్దు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. శాటిలైట్ మెసెంజర్ ఉంటే మంచిది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి. ఒరెగాన్‌లో గాలింపు, రక్షణ చర్యలు కౌంటీ షెరీఫ్ చూస్తారు, 911కు ఫోన్ చేయాలి. మనుషులు నడిచొచ్చి మిమ్మల్ని చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి రాత్రి చలికి సరిపడా ఒక జాకెట్, తల లైటు ఎండాకాలంలోనూ బ్యాగులో ఉండాలి.

దిగేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. జారుడు రాళ్ల మీద దిగడం సులువుగా ఉండి, తెలియకుండానే ఎడమవైపుకు, అంటే దక్షిణానికి కొట్టుకుపోతారు. అలా జరిగితే కంగారు పడొద్దు. కింద పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ తగులుతుంది, దాని మీద కుడివైపు తిరిగి ఉత్తరానికి నడిస్తే మీ కూడలి వస్తుంది.

టీల్సన్ తర్వాత ఇలాంటివే ఇంకేమున్నాయి?

క్రేటర్ లేక్ పార్కు లోపల యూనియన్ పీక్ ఉంది, 7,709 అడుగులు. అదీ అగ్నిపర్వతపు గొంతు రాయే, కానీ చివరి దాకా దారి ఉంది, తాడు గొడవ లేదు. జారుడు రాళ్లు వద్దనుకునేవాళ్లు అసలు దాంతోనే మొదలుపెడితే మంచిది. మౌంట్ వాషింగ్టన్, త్రీ ఫింగర్డ్ జాక్ కూడా మంచు దొలిచిన పాత అగ్నిపర్వతాలే. రాయి ఇంకా వదులు, తాడు పని తెలిసినవాళ్లకే. వాటికి పైన చెప్పిన పర్మిట్ నిబంధనలు చూసుకోవాలి. టీల్సన్‌ను ఎదురుగా నిలబడి చూడాలంటే మాత్రం సరస్సుకు అవతలున్న మౌంట్ బెయిలీ ఎక్కండి. కొంచెం పొట్టి, దారి శిఖరం దాకా ఉంది, జనం తక్కువ.